తోమిన వెండి

1983 జూన్ 21

వాన లేదు. దుమ్ముకు మాత్రం కరువు లేదు. బొంబాయి రోడ్డు మీద పోయే ప్రతి లారీ మా ఇంట్లోకి పిడికెడు పోసి పోతుంది. అలమారా తుడిచి గంట కాలేదు, మళ్ళీ వేలితో పేరు రాయొచ్చు.

నీలమ్మ మళ్ళీ నా గదిలోకి వచ్చింది. చేతిలో చీపురు ఉంటే చాలు, ఎక్కడికైనా రావొచ్చనుకుంటుంది. బల్ల మీది భూతద్దం కిటికీలోకి చేరింది. ఎవరు పెట్టారంటే – "నేనే వదినా, ఊడుస్తుంటె అడ్డమొచ్చింది." తమ్ముడి పెళ్ళయిన దగ్గర్నుంచి ఇదే వరస. నా గదిలో నా వస్తువులు ఆమెకు అడ్డం.

జూన్ 24

పాత నాణేలమ్మే లండన్ దొర జాబితా వచ్చింది. మూడో పేజీలో ఉన్నాడు! మూడు నెలలవాడు!

రెండుసార్లు చదివాను. బొమ్మ కూడా వేశాడు. నెత్తి మీద విగ్గు, ఉబ్బిన బుగ్గ, వెండి అంతా నల్లబడి... "చక్కని పాత నలుపు" అని దొర రాత. రోమును ఏలిన మొదటి పన్నెండుమందిలో పదకొండుమంది వెండి నాణేలు నా గుంటల పళ్ళెంలో ఉన్నాయి. ఫిడేలువాడు, ఎద్దుమెడవాడు, ముక్కోడు... నేను పేర్లు పెట్టుకున్నవాళ్ళందరూ వచ్చారు. వీడి గుంట ఒక్కటే ఖాళీ. వాడు ఏలింది మూడు నెలలు. నన్ను మాత్రం ఏళ్ళ తరబడి ఏడిపించాడు.

బడిలో ఖలీదాకు చెప్పాను. ఆమె తమ్ముడు లండన్‌లో బస్సు తోలతాడు. దొర కొట్టుకు పోయి డబ్బు కట్టేది అతనే, ఇక్కడ వాళ్ళమ్మకు ఇచ్చేది నేను. ఉర్దూ కాపీలు దిద్దుతూ నవ్వింది – "ఇంకొకటా అక్కా?" ఇదే ఆఖరిదన్నాను. "పోయినసారి గూడ గట్లనే అన్నవ్."

పోయినసారి అబద్ధం. ఈసారి నిజం.

జూన్ 25

బస్వరాజుకు చెప్పాను. తల ఎత్తకుండా అన్నం కలుపుకున్నాడు. నా తమ్ముడు అల్లం మండీలో రైతుల మీద కేకలేస్తాడట. ఇంట్లో నోరు లేదు. వాడి బదులు పెళ్ళాం మాట్లాడింది – "వెండే గద వదినా. గా నల్లటియి దేనికి? మన అవుసలాయన దగ్గర పోయించుకుంటె తెల్లగ కొత్తయి వస్తయి గద."

కంసాలి దగ్గర కరిగించాలట! జవాబు ఇస్తే మొదటి నుంచి ఇవ్వాలి.

జూలై 9

తొమ్మిదో తరగతికి ఎద్దుమెడవాణ్ణి పట్టుకుపోయాను. కొండాపూర్ మ్యూజియంలో అద్దం వెనక చూసిన పిల్లలే, అయినా చేతిలో పెడితే మొహాలు మారిపోయాయి. రాయికోడ్ నుంచి వచ్చే పిల్ల ఒకతి అడిగింది: "టీచర్, గాళ్ళ పైసలు మన దిక్కెందుకు వచ్చినయి?" మిరియాలకు, బట్టకు అన్నాను. "మనమే అమ్మినమా?" అంది. మనమే అన్నాను. ఆ పిల్ల నాణెం తిరిగి ఇవ్వడానికి ఎంతసేపు తీసుకుందో!

వీళ్ళకు అర్థమవుతుంది. ఇంట్లోవాళ్ళకు కాదు. నలుపే దాని వయసు అని చెప్తే ముప్ఫైమంది ఆడపిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఇంట్లో ఒక్కతి వినదు.

ఆగస్టు 2

పోస్టుమాన్ ఈరోజూ చేతులు ఊపాడు. లేదు అనడానికి నోరు నొప్పి కాబోలు.

ఆగస్టు 19

లేదు.

ఆగస్టు 20

లేదు. రోడ్డు మీద నాకు కనబడగానే సైకిలు సందులోకి తిప్పాడు. చూడనట్టు నటిస్తే నేను చూడననుకున్నాడు. పోయి నిలదీశాను. "బొంబాయిల కస్టమ్స్‌లున్నదో ఏమో టీచరమ్మా, నన్నేం జేయమంటవ్? నేను తింటానా దాన్ని?" తినే మొహమే.

సెప్టెంబర్ 14

వచ్చాడు.

కవరు ఒక పక్క చీల్చి మళ్ళీ అతికించారు. లోపల దూది, దూదిలో కాగితం, కాగితంలో వాడు. గుడ్డ పరిచి కిటికీ దగ్గర కూర్చున్నాను. అంతటా ఒకే తీరు నలుపు. విగ్గు అంచు స్పష్టంగా కనిపిస్తోంది. ఇంత అందంగా మిగతా పదకొండుమందిలో ఒక్కడూ లేడు.

వచ్చినదాన్ని వచ్చినట్టు బడికి పట్టుకుపోయి సైన్సు గది త్రాసులో తూచడం నా అలవాటు. ఈసారి అంత ఓపిక ఎక్కడిది? తిన్నగా గుంటలో పెట్టేశాను. నిండింది.

గుమ్మంలో నీలమ్మ. ఎంతసేపటి నుంచి నిలబడిందో. "నాకు గూడ జర చూపియ్యవా వదినా?" చేతులకు శనగపిండి. అక్కణ్ణుంచే చూడమన్నాను. మెడ చాపి చూసింది. "గీయన ఎవరు?" రాజు అన్నాను. "పాపం, ఎంత నల్లగైండో." నాకు ఒళ్ళు మండింది. తలుపు వేసుకున్నాను.

సెప్టెంబర్ 30

నాణేల అలమారా తాళం చెవి ఇప్పుడు మొలలోనే. నిద్రలో కూడా. బస్వరాజు చూసి "ఇంట్ల దొంగలున్నరా అక్కా?" అన్నాడు. ఉన్నారో లేదో నాకెందుకు, జాగ్రత్త నాది.

అక్టోబర్ 17

దసరా అయింది. నిన్న నీలమ్మ జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కింది. దీవించాను. పెదవులతో.

వంటింట్లోంచి వినిపించింది, మొగుడితో అంటోంది: "మీ అక్క నాతోని మంచిగుండాల్నంటె ఏం చెయ్యాలె చెప్పు, అది చేస్త." వాడు ఏదో గొణిగాడు. నన్ను అడిగితే చెప్పేదాన్ని – నా గది జోలికి రాకు, అంతే.

నవంబర్ 4. దీపావళి.

ఈరోజు రాయలేను.

నవంబర్ 5

రాస్తాను. రాయకపోతే తల పగిలిపోయేట్టుంది.

నిన్న తలంటుకునేటప్పుడు నూనె అంటుతుందని తాళం చెవి తీసి దేవుడి గూట్లో పెట్టాను. తర్వాత చీర మార్చుకుని, ఖలీదా వాళ్ళింటికి మిఠాయి ఇవ్వడానికి పోయాను. చెవి మరిచాను. అక్కడ వాళ్ళమ్మ చాయ్ తాగితే గాని కదలనివ్వదు. దీపాల వేళకు ఇల్లు చేరాను.

లక్ష్మి పటం ముందు పీట. పీట మీద ఇత్తడి పళ్ళెం. అందులో తెల్లటి బిళ్ళలు, వరసగా. ఒక్కో బిళ్ళ మొహాన పసుపు, దాని మీద కుంకుమ. పైన పాలు చిలకరించి ఉన్నాయి.

గుర్తుపట్టలేదు. బజారు బిళ్ళలనుకున్నాను. ఎన్ని కొన్నాడు తమ్ముడు, అని కూడా అనుకున్నాను. తర్వాత ఫిడేలువాడి గడ్డం కనబడింది.

నీలమ్మ వెలిగిపోతోంది. "నువ్వచ్చేలోపల అయిపోవాల్నని ఉరుకులాడిన వదినా! చింతపండుల నానేసిన. బూడిద పెట్టి, పీచుతోని తోమిన. ఎంత మురికెల్లిందనుకున్నవ్! ఇంట్ల గింత వెండి ఉండి ఒక్క దీపావళికి గూడ పూజకు రాకపాయె. లక్ష్మికి కోపం రాదా? ఇగ జూడు ఎట్ల మెరుస్తున్నయో!"

మురికి! రెండువేల ఏళ్ళు మట్టిలో పండిన నలుపు, దానికి మురికి. చింతపండు నీళ్ళతో కలిపి మోరీలో పారబోసింది.

నేనేమన్నానో మొత్తం గుర్తు లేదు. గుర్తున్నవి చాలు. నీ చేతులు పేడ ఎత్తడానికే పుట్టాయన్నాను. నీ తల్లిగారింట్లో వెండి మొహం చూసి ఉంటే కదా అన్నాను. పళ్ళెం లాక్కున్నాను, పాలు ఆమె చీర మీద పడ్డాయి. "అయ్యో శివనే" అని ఒక్కటే మాట అని గోడకు ఆనుకుపోయింది. కొత్త చీర. పక్కింటివాళ్ళు ప్రమిదలు వెలిగించడం ఆపి మా గుమ్మంలోకి తొంగి చూశారు. చూడనీ.

బస్వరాజు మండీ నుంచి వచ్చేసరికి ఆమె ఏడుస్తోంది, నేను ఏడవడం లేదు. "తెల్వక చేసింది అక్కా." తెలియక! నలుపు ముట్టుకోవద్దని నాలుగేళ్ళ నుంచి ఈ ఇంటి గోడలకు కూడా తెలుసు. ఆమె అయినా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నాను.

ఇల్లు నాయిన నా పేరున పెట్టి పోయాడు. ఆ మాట నేను ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు.

నవంబర్ 6

పొద్దున బస్వరాజు ఆమెను తల్లిగారింటికి, బీదరు బస్సుకు తీసుకుపోయాడు. ఒక ట్రంకుపెట్టె, ఒక సంచి. పోతూ నా గది ముందు ఆగింది. "పోయొస్త వదినా." నేను చదువుతున్నట్టు పుస్తకం పట్టుకున్నాను. ఏ పుస్తకమో చూసుకోలేదు.

నవంబర్ 9

ఇల్లు నిశ్శబ్దం. హాయి. భూతద్దం పెట్టిన చోటే ఉంది.

బస్వరాజు వండిన పప్పులో ఉప్పు లేదు. పైన చల్లుకున్నాను.

నవంబర్ 13

ఆదివారం. ఇన్నాళ్ళూ పళ్ళెం వైపు చూడబుద్ధి కాలేదు. ఈరోజు తీసి, ఒక్కొక్కటే మంచినీళ్ళలో కడిగి పసుపు కుంకుమలు వదిలించాను. పదకొండుమందీ బోడిగా, సిగ్గు లేకుండా మెరుస్తున్నారు. ఎద్దుమెడవాడి చెంప మీద పీచు గీతలు. చూస్తుంటే పళ్ళు నూరుకున్నాను.

మూడు నెలలవాడి కుంకుమ పోలేదు. ముక్కు కొన మీద కొంచెం, చెవి మీద కొంచెం, విగ్గు అంచున. గుడ్డతో తుడిచాను. సబ్బు వేశాను. దూది నూనెలో ముంచి రుద్దాను. పోదేం?

భూతద్దం పెట్టాను.

అది కుంకుమ కాదు. రాగి.

నవంబర్ 14

బడిలో పిల్లల పండగ, అందరూ మైదానంలో ఉన్నారు. సైన్సు గది తాళం అడిగి తీసుకుని లోపల గడియ పెట్టుకున్నాను. త్రాసు ఒక పళ్ళెంలో ముక్కోడు, ఒక పళ్ళెంలో వాడు. ముక్కోడు దిగిపోయాడు. వాడు పైకి లేచి అలాగే ఉన్నాడు. మార్చి మార్చి పెట్టాను. ఎటు పెట్టినా అంతే. ఆకురాయితో అంచున ఒక్క గీత గీశాను. లోపలంతా ఎరుపు. పైన వెండి నీళ్ళు, ఆ నీళ్ళ మీద ఎవడో కూర్చుని నింపాదిగా పూసిన నలుపు. అందుకే అంతటా ఒకే తీరుగా ఉంది!

నేను! సంతలో కిలో చిక్కుడుకాయకు తక్కెడ ముల్లు చూసేదాన్ని. పాలవాడి చెంబులో వేలు పెట్టి చూసేదాన్ని. లండన్ దొరను మాత్రం తూచలేదు. తెల్ల కాగితం, నున్నటి బొమ్మ, "మాన్యురాలైన అమ్మగారికి" అనే పిలుపు – అయిపోయింది నా తెలివి.

బయట పిల్లలు పాట పాడుతున్నారు. నాకు నవ్వొచ్చింది. పిచ్చిదాన్లా నవ్వాను, తలుపు వెనక, ఒక్కదాన్నే.

నవంబర్ 15

తోమితే రాగి బయటపడిందని దొరకు రాశాను. మర్యాద వాక్యం ఒక్కటీ లేకుండా.

ఖలీదాకు చెప్పలేదు. పోస్టు చేస్తుంటే "మళ్ళ కొత్తదా?" అంది. ఔనన్నాను.

నవంబర్ 18

బస్వరాజుకు చెప్పాలి. ఏమని చెప్పాలి? ఆ వెండి వెండే కాదురా, నీ పెళ్ళాం పాడు చేసిందేమీ లేదు అని. అంతే కదా. ఒక్క ఊపిరిలో అయిపోయే మాట.

కాదు. మిగతా పదకొండు పాడు చేసింది కదా. అది నిజమే కదా. వాటి నలుపు పోయింది, ఇక రాదు. ఆ కోపం నాది, దాన్ని ఎవరూ తీసెయ్యలేరు.

కానీ నేను ఆమెను వెళ్ళగొట్టింది పదకొండుమంది కోసం కాదు. కొత్తవాడి కోసం. ఆ సాయంత్రం వాడి పేరే పెట్టి అరిచాను. మండీ నుంచి వచ్చాక తమ్ముడూ విన్నాడు, పక్కింటివాళ్ళు విన్నారు. ఇప్పుడు వాడు దొంగ రాగి అని చెప్తే – ఏమంటారు? "టీచరమ్మను లండనోడు మోసం జేసిండంట." పాలవాడు అంటాడు. పోస్టుమాన్ అంటాడు, సైకిలు దిగి మరీ అంటాడు. మండీలో అల్లం బస్తాల మీద కూర్చుని చెప్పుకుంటారు.

వీళ్ళ నోళ్ళల్లో పడను.

నవంబర్ 26

బస్వరాజు జ్వరంతో పడుకున్నాడు. దవాఖానకు పోదామంటే వద్దంటాడు. నుదురు మీద చెయ్యి వేస్తే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. చల్లటి చెయ్యి నచ్చలేదో, నా చెయ్యి నచ్చలేదో.

"ఆమెను ఎప్పుడు తోలుకరమ్మంటవ్" అని అడగడు. వాడు అడగనందుకే నాకు మండుతోంది. అడిగితే ఏదో ఒకటి అనేదాన్ని. అడగకుండా చిక్కిపోతాడు, చిన్నప్పుడు కూడా ఇంతే, దెబ్బ తగిలితే చెప్పకుండా అన్నం మానేసేవాడు.

డిసెంబర్ 7

దొర జవాబు. పొట్టిది. నాణెం శుభ్రం చేసి ఉన్నందున వెనక్కు తీసుకోలేమట. తోమిన నాణేల గురించి వాళ్ళు ఏ పూచీ పడరట. ఇట్లు, నమ్రతతో.

చదవగానే ఎగిరి గంతేసినంత పనైంది, ఇక్కడ దాచేదేముంది? సాకు దొరికింది నాకు! ఆమె తోమకపోతే వాపసు పోయేదిగా! తప్పు ఆమెదేగా! గదిలో అటూ ఇటూ తిరిగాను, ఈ మాటే అనుకుంటూ. బస్వరాజును పిలవబోయాను కూడా.

గుమ్మం దాకా పోయి ఆగాను. ఆమె తోమకపోతే నాకు తెలిసేదే కాదు. చచ్చేదాకా ఆ రాగి ముక్కను భూతద్దంలో చూసుకుని మురిసేదాన్ని. పిల్లలకు చూపించి పాఠం చెప్పేదాన్ని.

ఛీ. ఎటు తిప్పినా నా మొహానికే వస్తుంది.

డిసెంబర్ 11

నీలమ్మ తండ్రి వచ్చాడు. చెప్పకుండా, పొద్దున మొదటి బస్సుకు. బస్వరాజు మండీలో ఉన్నాడు. పెద్దాయన చెప్పులు వాకిట్లోనే విడిచి, కుర్చీ చూపిస్తే వద్దని అరుగు అంచున కూర్చున్నాడు. ధోవతి కొంగున మూట.

విప్పాడు. వెండి పట్టీలు ఒక జత. వెండి గిన్నె. ఒక ఉగ్గుగిన్నె కూడా, చిన్నది, ఇంకా ఎవరూ వాడనిది.

"టీచరమ్మా, మా పిల్లకు అంత తెలివి లేదు. పండుగకు వెండి తోముడు మా ఇండ్లల్ల ఉన్నదే, గదే చేసింది. గది అంత ఖీమతుదని దానికెర్కలే. అన్నం సరిగ్గ తింటలేదు. తోముడు పీచు పట్టుకోని కూసుంటది. 'ఎంత తోమిన్నో నాయినా, వెండి మొత్తం నేనే అరగదీసిన' అంటది. గీ వెండి ఉంచుకో. సరిపోకుంటె చెప్పు, ఇంకేమన్న చూస్త. పిల్లను మాత్రం ఇంట్లకు రానియ్యి."

ఉండమని లోపలికి పోయాను. అలమారా తెరిచాను. రాగివాణ్ణి తీసి పిడికిట్లో పెట్టుకున్నాను. చూపిస్తాను, ఇదీ సంగతి అని చెప్తాను, మూట కట్టించి అదే బస్సులో పంపుతాను. తలుపు దాకా వచ్చాను. ఆయన అరుగు మీద అలాగే ఉన్నాడు. వెండి తళతళలాడాలని కాబోలు, పంచె అంచుతో ఆ ఉగ్గుగిన్నెను తుడుస్తున్నాడు.

మళ్ళీ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. కుడిచేత్తో. ఎడమ పిడికిలి వెనక పెట్టుకున్నాను.

"ఇవి తీసుకుపోండి" అన్నాను. తీసుకుపోలేదు. "కోపం పోలేదు గద బిడ్డా, తెలుస్తుంది" అన్నాడు. నీళ్ళు తాగి, దండం పెట్టి, బస్‌స్టాండు వైపు పోయాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు నాకు దండం పెట్టాడు.

సాయంత్రం బస్వరాజు వచ్చి బల్ల మీద వెండి చూశాడు. ఎవరు తెచ్చారో చెప్పాను. ఉగ్గుగిన్నె ఒక్కటి చేతిలోకి తీసుకుని, మళ్ళీ జాగ్రత్తగా పెట్టాడు.

డిసెంబర్ 12

ఈ కాగితానికి చెప్తాను. కాగితానికి చెప్పడం ఎంత సులువో. నాణెం దొంగది. నీలమ్మ ఏమీ అరగదీయలేదు. నన్ను మోసం చేసినవాడు లండన్‌లో ఉన్నాడు, శిక్ష పడినామె బీదరు పక్కన పల్లెలో ఉంది.

పొద్దున బస్వరాజు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. చేతిలో సంచి. వాకిట్లో నిలబడి మొదటిసారి అడిగాడు.

"అక్కా, ఇగ పోయి తోలుకరానా?"

నోట్లో ఉంది. మొత్తం మాట నోట్లోనే ఉంది. తీసుకురా, తప్పు నాది – ఇంతే. వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.

"చూద్దాం" అన్నాను.

సరే అక్కా అన్నాడు. సంచి మళ్ళీ మేకుకు తగిలించాడు. ఉతికిన చొక్కా విప్పి, మడత పెట్టి, మండీ చొక్కా తొడుక్కుని పోయాడు.